నంబర్ వన్ పిక్ ఎవరు? హాకీ డ్రాఫ్ట్ జోస్యాలు, మాంట్రియల్ నేర్పిన పాఠం

ఇవాళ హాకీ గురించి మాట్లాడుకుందాం. ధ్యాన్‌చంద్ ఆడిన మన హాకీ కాదండోయ్, అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే ఐస్ హాకీ. "మంచు మీద ఆట మనకెందుకు బ్రో" అని స్క్రోల్ చేసేయకండి, ఒక్క నిమిషం ఆగండి. ఐపీఎల్ వేలానికి ముందు "మన టీమ్ ఎవర్ని కొనాలి" అని వాట్సాప్ గ్రూపుల్లో ఎంత గొడవ పడతామో తెలుసు కదా? అక్కడ అదే గొడవ ఒక కుర్రాడి పేరు మీద నెలల తరబడి నడుస్తుంది. కెనడాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ గోల బాగానే తెలిసి ఉంటుంది.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో చూద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో 32 జట్లున్నాయి. ఏటా పద్ధెనిమిదేళ్ళు నిండుతున్న కుర్రాళ్ళని ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. వేలం ఉండదు, డబ్బు పాట ఉండదు. వెనకబడ్డ జట్లకి ముందు వంతు వస్తుంది, బలహీనులు కోలుకోవాలి కదా అని. మనకి ఈఏపీసెట్‌లో ర్యాంకు వస్తే కాలేజీని మనం ఎంచుకుంటాం. ఇక్కడ ర్యాంకు కుర్రాడిది, ఎంపిక మాత్రం జట్టుది. ఏ ఊరికి వెళ్ళాలో అతని చేతిలో ఉండదు.

మరి అందరికన్నా కింద ఉన్న జట్టుకే మొదటి పిక్ ఖాయమైతే, కావాలని ఓడిపోవచ్చుగా? అందుకే లాటరీ పెట్టారు. 1 నుంచి 14 దాకా నంబర్లున్న బంతులు మెషిన్‌లో తిరుగుతుంటాయి, నాలుగు బయటికొస్తాయి. మొత్తం 1,001 కాంబినేషన్లు. 2022లో చివరి స్థానంలో ఉన్న జట్టుకి మొదటి పిక్ దక్కే అవకాశం 25.5 శాతమే. అంటే నాలుగింట మూడుసార్లు అది వేరేవాళ్ళకి పోవచ్చు. అయినా ఫ్యాన్స్ ఊరుకుంటారా? ఫోన్‌లో లాటరీ సిమ్యులేటర్ తెరిచి, తమ జట్టుకి నంబర్ వన్ వచ్చేదాకా బటన్ నొక్కుతూనే ఉంటారు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 2021లో మాంట్రియల్ కెనేడియన్స్ స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఏడాది తిరక్కుండా లీగ్‌లో అట్టడుగుకి పడిపోయింది. మే 2022లో లాటరీ వాళ్ళకే తగిలింది. పైగా ఆ ఏడాది డ్రాఫ్ట్ జరిగేది కూడా మాంట్రియల్‌లోనే. ఇంక ఊరు ఊగిపోయింది.

చాలామంది ఫ్యాన్స్ నోట ఒకటే పేరు, షేన్ రైట్. కెనడా కుర్రాడు, సెంటర్ ఆడతాడు. పదిహేనేళ్ళకే ప్రత్యేక అనుమతితో ఒంటారియో జూనియర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఏళ్ళ తరబడి "2022లో నంబర్ వన్ ఇతనే" అని అందరూ అంటూనే ఉన్నారు. ఆఖరి సీజన్‌లో 63 మ్యాచ్‌ల్లో 94 పాయింట్లు కొట్టాడు. గోల్ కొట్టినా పాయింటే, గోల్‌కి సాయం చేసినా పాయింటే.

ఇంకో పేరు యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ. స్లొవేకియా కుర్రాడు, భారీ మనిషి. ఫిన్లాండ్ లీగ్‌లో 31 మ్యాచ్‌లు ఆడి 10 పాయింట్లు చేశాడంతే. 94 ఎక్కడ, 10 ఎక్కడ! ఇంక చర్చ ఎందుకు అనిపిస్తుంది కదా?

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రైట్ ఆడింది తన ఈడు పిల్లల మీద. స్లాఫ్కోవ్‌స్కీ ఆడింది పెద్దవాళ్ళ లీగ్‌లో, ఏళ్ళుగా ఆడుతున్న మగవాళ్ళ మధ్య. అదే కుర్రాడు బీజింగ్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్ కొట్టి, స్లొవేకియాకి కాంస్యం రావడంలో ముందుండి, టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు, పదిహేడేళ్ళకి! పైగా లీగ్ వాళ్ళ స్కౌటింగ్ విభాగం ఉత్తర అమెరికా కుర్రాళ్ళకి ఒక జాబితా, బయటి దేశాల వాళ్ళకి ఇంకో జాబితా ఇస్తుంది. రైట్ ఒకదాంట్లో ఫస్ట్, స్లాఫ్కోవ్‌స్కీ ఇంకోదాంట్లో ఫస్ట్. ఈ ఇద్దరిలో ఎవరు పైన అన్నది ఆ జాబితాలు చెప్పవు. అక్కణ్ణించి అంతా అంచనాయే.

జులై 7, 2022. మాంట్రియల్ స్లాఫ్కోవ్‌స్కీ పేరు చెప్పింది. రైట్ రెండులో లేడు, మూడులో లేడు, నాలుగో పిక్‌గా సియాటిల్ తీసుకుంది. స్టేజీ మీద అతను మాంట్రియల్ టేబుల్ వైపు గుర్రుగా చూశాడంటూ క్లిప్ వైరల్ అయింది. అది కోపమా, మామూలు చూపా? అది కూడా ఫ్యాన్స్ ఊహే.

తర్వాత ఏమైంది? మొదటి సీజన్‌లో స్లాఫ్కోవ్‌స్కీ 39 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే చేసి గాయంతో ఆగిపోయాడు. అటు రైట్ కూడా సియాటిల్‌లో నిలదొక్కుకోలేకపోయాడు, కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో తన మొదటి గోల్ మాత్రం మాంట్రియల్ మీదే కొట్టాడు. ఆ రోజు "చెప్పామా లేదా" అన్నవాళ్ళ గొంతు ఎంత పెద్దగా ఉండుంటుందో ఊహించుకోండి. మరుసటి సీజన్‌లో స్లాఫ్కోవ్‌స్కీ 20 గోల్స్‌తో 50 పాయింట్లు చేశాడు. 2024లో మాంట్రియల్ అతనితో ఎనిమిదేళ్ళకి 60.8 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024-25లో అతనికి 51, రైట్‌కి 44 పాయింట్లు. మూడో పిక్‌గా వెళ్ళిన లోగన్ కూలీకి 65. ఈ పేరు మాంట్రియల్ ఫ్యాన్స్ వాదనలో ఎంతమంది నోట వచ్చింది చెప్పండి?

"అయితే ఫ్యాన్స్ మాట వినకూడదు, జట్టుకే తెలుసు" అంటారా? ఆగండి. ఇదే మాంట్రియల్, 1980. అప్పుడూ మొదటి పిక్ వీళ్ళదే, డ్రాఫ్ట్ కూడా వీళ్ళ ఊళ్ళోనే. ఆ ఊళ్ళోనే పెరిగిన, అక్కడి జూనియర్ జట్టుకే ఆడిన డెనీ సవార్డ్ కావాలని అభిమానులు ఆశపడ్డారు. జట్టు మాత్రం డగ్ వికెన్‌హైజర్‌ని తీసుకుంది. జూనియర్‌లో ఆ ఏడాది 89 గోల్స్ కొట్టినవాడు, కాగితం మీద వంక పెట్టలేని ఎంపిక. సవార్డ్ మూడో పిక్‌గా షికాగో వెళ్ళి 1,300కి పైగా పాయింట్లు చేసి హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. అంటే ఆ సారి ఫ్యాన్సే కరెక్టు.

కానీ వికెన్‌హైజర్ చేసిన తప్పేంటి చెప్పండి? ఎన్‌హెచ్‌ఎల్‌లో 556 మ్యాచ్‌లు ఆడాడు. జూనియర్‌లో ఆడే పిల్లల్లో చాలామందికి ఒక్క మ్యాచ్ కూడా దక్కదు. అయినా "సవార్డ్ కానివాడు" అన్న ముద్ర పడిపోయింది. తనని ఎంచుకోమని అతను అడగలేదు. 1999లో, 37 ఏళ్ళకే క్యాన్సర్‌తో చనిపోయాడు. ఇప్పటికీ ఆ పేరు ఎక్కువగా వినపడేది డ్రాఫ్ట్ పొరపాట్ల లిస్టుల్లోనే.

నేను చెప్పేది ఇదే ఫ్రెండ్స్. జోస్యాలు చెప్పుకోండి, గొడవ పడండి, అందులోనే మజా ఉంది. ఓడిపోయిన సీజన్‌లో అభిమానికి మిగిలే ఆశ అదొక్కటే. కాకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ అంకెలు ఎవరి మీద ఆడితే వచ్చాయి? కుర్రాడు ఇంకా ఎంత ఎదగగలడు? మన జట్టుకి ఇవాళ కాదు, నాలుగైదేళ్ళ తర్వాత ఏం కావాలి? ఆ తర్వాత తీర్పు చెప్పడానికి కాస్త ఆగండి. డ్రాఫ్ట్ రోజు రాత్రే "ఫ్లాప్" అని కామెంట్ పెట్టేస్తాం. అది చదివేది పద్ధెనిమిదేళ్ళ పిల్లాడు. మనలో చాలామందికి ఆ వయసులో ఏ బ్రాంచ్ తీసుకోవాలో కూడా తేలలేదు!

మీరు 2022లో మాంట్రియల్ టేబుల్ దగ్గర ఉంటే ఎవర్ని తీసుకునేవాళ్ళు? రైటా, స్లాఫ్కోవ్‌స్కీనా, కూలీనా? తర్వాత ఏమైందో మర్చిపోయి, ఆ రోజుకి తెలిసినదాన్ని బట్టే చెప్పాలి సుమా. కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.