ఆడపిల్లల ఖత్నా: దీనా, రివాజా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



సభలో ఎత్తడానికి మొహమాటపడే విషయమిది. కానీ ఆడపిల్లలకు చదువు చెప్పే మేమే నోరు మూసుకుంటే ఇక చెప్పేవారెవరు? మగపిల్లలకు చేసే ఒడుగుల సంగతి కాదు, ఆ రెంటినీ ఒకే గాట కట్టరాదు. ఇది ఆడపిల్లల మర్మావయవాన్ని కోసివేసే రివాజు. దీనివల్ల ఒంటికి ఒక్క లాభమూ లేదు. రక్తం పోవడం, చీము పట్టడం, మూత్రానికి బాధ, రేపు కాన్పులో కష్టం, ఒక్కోసారి ప్రాణమే పోవడం, ఇవీ ఫలితాలు.

2024లో యునిసెఫ్ వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 23 కోట్లకు పైగా స్త్రీలు, బాలికలు ఈ కోతకు గురైనవారే. మన దేశంలోనూ దావూదీ బోహ్రా బిరాదరీలో ఈ వాడుక ఉంది. దాని మీద 2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. తెలుగుదేశంలో మనలో చాలామంది దీని పేరు కూడా విని ఉండరు. అయినా ఈజిప్టు సంగతి మనం తెలుసుకోవాలి. అక్కడ ఇది జరిగేది ఎక్కువగా 9 నుంచి 12 ఏళ్ల లోపు, అంటే బడికి పోయే పిల్లలకే.

అల్-అజ్హర్ ఉన్న దేశంలో ఉందంటే ఇది దీన్ చెప్పిందే కాబోలు అనుకోవద్దు. నైలు నది ఒడ్డున ఇస్లాం రాకముందే ఇది ఉంది. అక్కడి కాప్టిక్ క్రైస్తవులూ చేయించారు. మొరాకో, టర్కీ ముసల్మానుల్లో ఈ వాడుకే లేదు. పాత ఫిఖహ్ గ్రంథాల్లో వేర్వేరు అభిప్రాయాలున్న మాట నిజమే. కానీ 2007లో ఒక బాలిక క్లినిక్‌లో కోత సందర్భంగా చనిపోయాక, దీనికి షరియత్‌లో ఆధారం లేదని, ఇది హానికరమని అల్-అజ్హర్ ఉలమా తేల్చి చెప్పారు. 2008లో చట్టం దీన్ని నేరం చేసింది. 2016లో, 2021లో శిక్షలు పెంచారు.

మరి ఇంకా ఎందుకు సాగుతోంది? ఏ తల్లీ బిడ్డ మీద పగతో చేయించదు. చేయించకపోతే పిల్లకు సంబంధం రాదని, నలుగురి నోళ్లలో పడుతుందని భయం. తల్లి వెనకాడినా నానమ్మ ఊరుకోదు. ఒక్క ఇల్లు మానుకుంటే ఆ ఇంటి పిల్లకే నష్టమని ప్రతి ఇల్లూ అనుకుంటుంది. అందుకే ఎవరూ మానరు. ఒకప్పుడు మంత్రసాని చేసేది, ఇటీవల ఎక్కువ భాగం డాక్టర్లే చేస్తున్నారు. తెల్లకోటు వేసుకుని కోసినంత మాత్రాన కోత మంచిదవుతుందా? క్లినిక్‌లో పోయిన ఆ పిల్లే దానికి జవాబు.

అయితే నిరాశ పడనక్కర లేదు. 15 నుంచి 17 ఏళ్ల ఈజిప్టు బాలికల్లో 2008లో నూటికి 74 మందికి జరిగి ఉంటే, 2014కు అది 61కి దిగింది. తల్లి బాగా చదువుకున్న ఇళ్లలో ఇది తక్కువ. సెనెగల్‌లో మాలికుండా బంబారా అనే గ్రామ స్త్రీలు 1997లో అందరూ కలిసి ఈ ఆచారం మానేస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. తాము పిల్లనిచ్చి పుచ్చుకునే గ్రామాలు కూడా కలిసి వస్తేనే ఇది నిలుస్తుందని అక్కడివారు గ్రహించారు. ఆ గ్రామాలకు పోయి మాట్లాడారు. సంబంధాల భయంతో పుట్టిన రివాజు, సంబంధాలు కలుపుకునేవాళ్లంతా ఒక్కమాట మీదికి వస్తేనే పోతుంది.

సోదరులారా, మన ఘోడే జోడే రఖం సంగతి ఇంతకంటే వేరా? తప్పని అందరికీ తెలుసు, నేనొక్కణ్ణే మానితే ఎలా అని అందరూ అంటాం. ఏడో తరగతిలో పిల్లను బడి మాన్పించేదీ ఈ భయమే. కనుక దీన్ పేరు చెప్పే ప్రతి రివాజునూ ఉలమాను అడిగి తేల్చుకుందాం. పిల్లకు హాని చేసేదైతే విడివిడిగా కాదు, మొహల్లా అంతా కలిసి మానుకుందాం. ఆడపిల్లల తాలీమ్‌ను మాత్రం మధ్యలో ఆపవద్దు. నేటి బడిపిల్లే రేపటి తల్లి, ఆమె ‘వద్దు’ అనగలిగితే ఆ ఇంట రివాజు అక్కడే ఆగిపోతుంది.