గాలి పీల్చే బ్యాటరీ: కొనేముందు అడగవలసినవి
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సాయంత్రం పాలు పోసే వేళ కరెంటు పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పాలను 4 డిగ్రీలకు చల్లబరచడం ఆలస్యమైతే రైతు కష్టం కాలువ పాలవుతుంది. అందుకే కరెంటును నిలవచేసే బ్యాటరీల గురించి సంఘాలు అడుగుతున్నాయి. వాటిలో జింకు-గాలి బ్యాటరీ ఒకటి.

మామూలు బ్యాటరీలో రెండు పలకలకూ కావలసిన సరుకంతా డబ్బాలోనే ఉంటుంది. ఇందులో ఒకవైపు జింకు ఉంటుంది. రెండవవైపు సరుకు బయటి గాలిలోని ఆక్సిజన్. మధ్యన పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణం. జింకు ఆక్సైడుగా మారేటప్పుడు కరెంటు పుడుతుంది. వినికిడి యంత్రంలో వేసే చిన్న బిళ్ళ ఇదే. పైనున్న అతుకు పీకితే గాలి లోపలికి పోయి పని మొదలుపెడుతుంది. జింకు చవక. ద్రావణం నీటితో చేసినది కనుక మంట భయం తక్కువ. బరువునుబట్టి చూస్తే శక్తి ఎక్కువ.

అయితే చిక్కంతా తిరిగి ఛార్జి చేయడంలో ఉంది.

మొదటిది, ఛార్జి చేసేటప్పుడు జింకు పలకపై సమంగా పేరుకోదు. ముళ్ళలా పెరిగి, మధ్య తెరను చీల్చి, ఎదుటి పలకను తాకితే షార్టు అవుతుంది.

రెండవది, గాలితోపాటు బొగ్గుపులుసు వాయువు కూడా వస్తుంది. అది క్షారంతో కలిసి కార్బొనేటుగా మారి, గాలి పలకలోని సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. అదే దారిన తేమ బయటికి పోయి ద్రావణం ఎండుతుంది. మన వేసవిలో ఇది చిన్న విషయం కాదు.

మూడవది, నష్టం. సెల్లు ఇచ్చేది సుమారు 1.2 వోల్టులు. ఛార్జికి కావలసినది సుమారు 2 వోల్టులు. అంటే 10 యూనిట్లు పోస్తే తిరిగి వచ్చేది 6 యూనిట్లు. లిథియం బ్యాటరీ అయితే 9 దాకా ఇస్తుంది.

ఈ లోపాలను దిద్దడానికి ఛార్జికి వేరే పలక పెట్టడం, ద్రావణాన్ని పంపుతో తిప్పడం, లోపలికి వచ్చే గాలిని వడకట్టడం వంటి పద్ధతులున్నాయి. కాని ప్రతి అదనపు భాగానికీ ఖర్చు, మరమ్మతు ఉంటాయి. పైగా కంప్రెసర్ మోటారు బయలుదేరేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈ బ్యాటరీ నిదానంగా, ఎక్కువ గంటలు ఇచ్చే రకం.

కొన్నేళ్ళ కిందట ఒక సంఘం మామూలు బ్యాటరీలనే రాతపూర్వక గ్యారంటీ లేకుండా కొన్నది. ఆ తీర్మానం తనిఖీకి వచ్చినప్పుడు నేను ధర చూశానే గాని గ్యారంటీ చూడలేదు. రెండవ వేసవికే అవి మూలపడ్డాయి. సభ్యులకు బోనసుగా అందవలసిన సొమ్ము అది. తప్పులో నాకూ భాగముంది.

కాబట్టి ఏ బ్యాటరీకైనా తీర్మానం చేసేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయించుకోండి. ఎన్నిసార్లు ఛార్జి చేయవచ్చు? 10 యూనిట్లకు ఎన్ని తిరిగి వస్తాయి? 45 డిగ్రీల ఎండలో గ్యారంటీ చెల్లుతుందా? కంప్రెసర్‌ను నడిపి చూపుతారా? కరెంటు ఉన్నప్పుడు మంచు కట్టించి, లేనప్పుడు పాలు చల్లబరిచే ఐస్ బ్యాంకు ధరను కూడా పక్కన పెట్టి చూడండి. మనకు కావలసినది చల్లదనం. కరెంటునే దాచాలని నియమమేమీ లేదు.

జింకు-గాలి బ్యాటరీ మంచి ఆలోచనే. ఆ నాలుగింటికీ కాగితంమీద జవాబు వచ్చిన రోజున కొందాం. అంతవరకు సంఘం డబ్బుతో ప్రయోగం వద్దు.