తరిమెన పనికి నున్నని ఉప్పుకాగితపు బిళ్ళలు



అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక పేరు వినని వారు మనలో అరుదు. అచ్చటి పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనకు పట్టి, ఉలితో రూపు దీర్చి, తిరుగుచున్న వస్తువునకు లక్కను అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱ కంటుకొనును. పిమ్మట మొగలియాకుతో రుద్దగా నిగనిగలాడును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఆ బొమ్మకు మెఱుగు నిచ్చునది లక్క. చిన్నచిన్న గీతలను కప్పునదియు లక్కయే. నూనె మాత్రము పట్టించి అమ్ము గిన్నెలకును పళ్ళెములకును అట్టి ముసుగు లేదు. ఒక్క గీత మిగిలినను నూనె తగిలినంతనే బయటపడును. కొనువాడు వ్రేలితో తడవి చూచి ప్రక్కకు నెట్టును. మీ యింటి కుఱ్ఱవాడు రెండు దినములు శ్రమించి చేసిన గిన్నె వెల తుది అరగంటలో తేలుననుట అతిశయోక్తి కాదు.

గిన్నె లోపలి భాగమునకు గుండ్రని బిళ్ళ మేలు. దానిని మెత్తని స్పాంజి దిండునకు అంటించి చేతి డ్రిల్లుతో త్రిప్పుదురు. తరిమెన ఒకవైపు, బిళ్ళ మఱియొకవైపు తిరుగుటచే గీతలు ఒకదాని నొకటి ఖండించుకొని చెరగును. రెండు అంగుళముల బిళ్ళ చాలును.

బిళ్ళ వెనుకనున్న అంకె పెరిగినకొలది రేణువు సన్నగిల్లును. పి 120 బిళ్ళలో రేణువు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. పి 400లో 35 మైక్రానులు మాత్రమే. ఇచ్చట నొక చిక్కు కలదు. అంకెకు ముందు ‘పి’ అను అక్షరమున్న అది ఐరోపా కొలత. అక్షరము లేనిది అమెరికా కొలత కావచ్చును. 220 వరకు భేదము స్వల్పమే గాని, అమెరికా 400 ఇంచుమించు పి 800కు సమానము. రెండింటిని కలిపి కొన్నవాడు వరుస తప్పును.

వరుస తప్పుటయే ఈ పనిలో పెద్ద దోషము. 120 చేసిన గీతను 180 తీయవలెను, 180 గీతను 240, దానిని 320, పిదప 400. నడుమ రెండు మెట్లు దాటి 400 పట్టినచో, గీతల నడుమనున్న కఱ్ఱ మెఱయునే గాని లోతైన గీత అట్లే యుండును. మెట్టు మార్చునపుడెల్ల తరిమెన నాపి, పొడి తుడిచి, దీపమును ఏటవాలుగ పట్టి చూడవలెను. పోగుల మొనలు పైకి తేలిన రెండుచోట్ల కఱ్ఱ చివికి యుండును. అచ్చట తరిమెన నాపియే బిళ్ళతో రుద్దవలెను. ఉలి చక్కగ నూరుకొన్నవానికి ఇందులో సగము శ్రమ తప్పును. నూనె గిన్నెకు పి 400 దాటుట వ్యయమే యని నా మతము.

సన్నబిళ్ళ నెమ్మదిగ కోయును గనుక కుఱ్ఱవాండ్రు గట్టిగ నొత్తుదురు. అపుడు కఱ్ఱ వేడెక్కి, మొనల వద్ద వెండ్రుకవాసి నెఱియలు విచ్చును. ఏ కాగితమును వానిని మాన్పలేదు. వేగము తగ్గించి, చేతిబరువు మాత్రము మోపవలెను. వ్రేలికి వేడి తగిలిన ఆపవలెను. అరిగిన బిళ్ళ కోయక కాల్చును. దానిని దాచుకొనుట పొదుపు గాదు.

ఇక ధూళి. కాగితము సన్ననైనకొలది పొడియు సన్ననై, కంటికి కానరాక ఊపిరితో లోనికి పోవును. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కఱ్ఱపొడిని మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చినది. భుజముపై తుండుగుడ్డను ముక్కునకు చుట్టుకొనుట చాలదు. ధూళిని ఆపు ముఖకవచము బిళ్ళలతోపాటే కొనిపెట్టుడు. పసిబిడ్డలను ఆ పాకలో నిదురింపనీయకుడు. సాయంకాలము ఊడ్చుటకు ముందు నేలపై నీరు చిలుకరింపుడు.