నీలిమందు వర్తకుని యిల్లు



మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో సాహుకారనగానే అప్పు, వడ్డీ, తనఖా, ఈ మూడే తలపునకు వచ్చును. ఆ తలపు నిష్కారణమైనది కాదు. అయినను వర్తకులందరు నొక్క త్రాసున తూగువారు కారు. పందొమ్మిదవ శతాబ్దమున చెన్నపట్టణమందుండిన యొక తెలుగు వర్తక కుటుంబపు కథను నేడు మీకు మనవి చేయుదును.

ఆ యింటిపేరు గాజులవారు. బలిజలలో గాజుల బలిజలనగా మలారము భుజమున వేసికొని యూరూర గాజులమ్మిన వారని మీరెరుగుదురు. సిద్ధులు సెట్టిగారి కాలమునకు మాత్రము ఆ యింట గాజుల మాట లేదు; వస్త్రములును, నీలిమందును వారి సరకులు. ఆయన కుమారుడు లక్ష్మీనరసు సెట్టి 1806లో చెన్నపట్టణమున జన్మించి, యుక్తవయస్సున తండ్రి వ్యాపారములో ప్రవేశించెను.

నీలిమందును గూర్చి రెండు మాటలు చెప్పవలెను, ఏలయన నేటి పిల్లలకు అది తెలియదు. కడప, కర్నూలు, నెల్లూరు సీమలలో రైతులు నీలిచెట్టు వేసెడివారు. కోసిన కొమ్మలను తొట్లలో నానవేసి, ఆ నీటిని వేరు తొట్టిలోనికి దింపి, చాలసేపు బాదుదురు. అడుగున దిగిన మడ్డిని కాచి, వడగట్టి, బిళ్ళలుగా కోసి యారబెట్టుదురు. ఆ బిళ్ళలు ఓడలమీద సీమకు పోయెడివి. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలిని అంగడిలో పెట్టిన తరువాత ఆ తొట్లన్నియు పాడుపడినవి. ఇక రుమాళ్ళ మాట. చెన్నపట్టణపు రుమాళ్ళు లండను మీదుగా పశ్చిమ ఆఫ్రికా వరకు పోయెడివి. మన పుట్టపాకలో నేయు తేలియా రుమాలు చీరాలనుండి ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో మనకు వచ్చిన విద్య. అది వేరొక నేతయే యైనను, ఆ రుమాళ్ళకు దగ్గర చుట్టమని చెప్పవచ్చును.

తండ్రి గడించిన దానిని లక్ష్మీనరసు సెట్టి బహుగుణముగా పెంచెను. అంతటితో నాగినచో ఆయనను నేడెవ్వరు తలచెడివారు కారు. 1844లో ఆయన సొంత ధనముతో 'క్రెసెంటు' అను ఆంగ్ల వార్తాపత్రికను స్థాపించి, ఎడ్వర్డు హార్లీ యను తెల్లవానిని సంపాదకునిగా నియమించెను. దొరతనమువారికి ఆ పత్రిక మొదటినుండియు కంటగింపు. దాని ప్రకటనను సైతము తమ గెజిటులో వేయుటకు నిరాకరించిరి.

ఆ దినములలో మిషనరీల మతప్రచారమును గూర్చియు, పాఠశాలలలో బైబిలు నేర్పుటను గూర్చియు పట్టణమున గొప్ప కలత రేగెను. మతము మారినవానికిని పిత్రార్జితములో భాగము దక్కునట్లు శాసనము చేయబూనగా సెట్టిగారు దానిని గట్టిగా నెదిరించిరి. 1850లో ఆ శాసనము నెగ్గినది. ఈ యొక్క విషయమున ఆయన పక్షము నాకు సమ్మతము కాదు. నమ్మకము మారినంతమాత్రమున కొడుకు కొడుకు కాకపోవునా? కాని బడిలో పిల్లల మతము జోలికి పోరాదన్న ఆయన మాట నేటికిని సబబైనదే.

ఇక ముఖ్యమైన సంగతి. 1852లో ఆయన చెన్నపట్టణ స్వదేశీయుల సంఘమును స్థాపించెను. పన్నుల భారము, న్యాయస్థానములలో జాప్యము, బాటలు, చెరువులు, కాలువలు లేమి మొదలగు కష్టములను విన్నపముగా వ్రాసి సంఘమువారు బ్రిటిషు పార్లమెంటునకు పంపిరి. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోరు 1853లో ఇచ్చటికి వచ్చినపుడు సెట్టిగారు తామే వెంటనుండి జిల్లాలు త్రిప్పి రైతులను చూపించిరి. శిస్తు చెల్లింపలేని రైతును ఏమి చేయుచుండిరో ఆ దొర విని తెలిసికొనెను. మెడనుండి కాలివ్రేళ్ళకు త్రాడు బిగించి, వంచి, ఎండలో నిలుపుట యొకటి. కిట్టి యని రెండు కఱ్ఱల నడుమ చేతివ్రేళ్ళను నొక్కుట యింకొకటి. పటేలు పట్వారీల, దేశముఖుల కాలమును చూచిన మన పెద్దల కథలు విన్నవారికి ఇది క్రొత్తగా తోచదు.

1854లో కామన్సు సభలో ఈ విషయము చర్చకు రాగా విచారణ సంఘమును నియమింపక తప్పలేదు. ఇలియటు, స్టోక్సు, జాన్ బ్రూసు నార్టను అందు సభ్యులు. 1855లో వారిచ్చిన నివేదికలో హింస నిజమని యొప్పుకొనిరి. అయితే నేరమును క్రింది స్వదేశీయోద్యోగులమీదనే మోపి, తెల్లదొరలను చాలవరకు తప్పించిరి. ఆ వాలకమును మీరే గ్రహింతురు. అయినను ఒక నీలిమందు వర్తకుని పట్టుదల లేనియెడల ఆ కాగితమైనను పుట్టెడిది కాదని నా యభిప్రాయము.

తరువాత దొరతనమువారే ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదమిచ్చి, శాసనసభలో స్థానమును గూడ నిచ్చిరి. కాని యప్పటికే పత్రికయు, సంఘమును, విన్నపములును ఆ యింటి ధనమును తినివేసినవి. రెండు తరములవారు కూడబెట్టినది ఒక్క జీవితములోనే వ్యయమైనది. లక్ష్మీనరసు సెట్టి 1868లో బీదరికమున కాలధర్మము నొందెను. చెన్నపట్టణమున అట్టి ప్రజాసంఘము మరల నిలువుటకు 1884 వరకు పట్టినది. ఆ యేట వెలసిన మహాజనసభకు తొలి యధ్యక్షుడు పి. రంగయ్యనాయుడు, ఆయనయు తెలుగువాడే.