మందుకు మందు అడ్డుపడరాదు
(కార్మికుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలను గురించి, పనిగంటలను గురించి మనం తరచుగా చర్చించుకుంటాము. ఈనాడు మన సహోద్యోగులు కొందరు ఎవరికీ చెప్పుకొనలేక మ్రింగుతున్న మాత్రలను గురించి మాట్లాడుకోవలసియున్నది.

హెచ్.ఐ.వి. సోకినవారికి మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఏ.ఆర్.టి. కేంద్రాల ద్వారా ఉచితంగా మందులిస్తున్నది. నేడు అధిక సంఖ్యాకులు వాడుతున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. దానిని క్రమం తప్పక వాడినవారు అందరివలెనే ఉద్యోగం చేసుకొనగలరు. అయితే డోలుటెగ్రావిర్‌తో పొసగని మందులు కొన్ని కలవు.

వాటిలో ముఖ్యమైనది క్షయకు వాడే రిఫాంపిసిన్. అది కాలేయంలోని ఎంజైములను పురికొల్పి డోలుటెగ్రావిర్‌ను త్వరగా హరింపజేస్తున్నది. రక్తంలో మందు తగ్గినచో వైరస్ మరల తలెత్తును. అందుచేత క్షయ చికిత్స జరిగినన్నాళ్లు, ఆపైన మరి రెండు వారాలు, మామూలు మాత్ర వేసుకొన్న 12 గంటలకు 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ అదనంగా ఇస్తారు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్ కూడ దానిని తగ్గించునవే. వాటి విషయం వైద్యుడే నిర్ణయించవలెను.

రెండవది మనం మందుగా ఎంచనే ఎంచనిది. వేళాపాళా లేని డ్యూటీలు, రన్నింగ్ రూము భోజనం, కడుపులో మంట, వెంటనే యాంటాసిడ్! అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను ప్రేగులలోనే పట్టివేసి ఒంటికి అందనీయవు. కనుక యాంటాసిడ్‌కు 2 గంటలు ముందుగాగాని, 6 గంటల తరువాతగాని ఆ మాత్ర వేసుకొనవలెను. ఐరన్, కాల్షియం మాత్రలకు కూడ ఇదే నియమం. భోజనంతోనైతే కలిపి వేసుకొనవచ్చును.

మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. దానిని డోలుటెగ్రావిర్ రక్తంలో పెంచుతున్నది. కావున సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు మించనీయరు.

ఈ చిక్కులు ముదురుటకు కారణమొక్కటే: రెండుచోట్ల వైద్యం, నడుమ మౌనం. రహస్యం పొక్కునని, డ్యూటీ మార్చెదరని భయపడి మనవారు ఏ.ఆర్.టి. కార్డును డిపార్టుమెంటు వైద్యునికి చూపరు. ఆ భయం నిష్కారణమని మనం అనము. అయితే 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించినది. నూరుగురు, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండవలెనన్నది.

ఆ అధికారిని నియమించినారా అని ప్రతి శాఖ తన యాజమాన్యాన్ని ప్రశ్నించవలెను. వైద్యుని గదిలో రోగి మాట మూడవ చెవిన పడకుండ ఏర్పాటు కోరవలెను. ఎవరికి ఈ వ్యాధి ఉన్నదని మనలో ఎవరూ ఆరా తీయరాదు. ఇక మందులు వాడుతున్న మిత్రులకు మన మనవి: ఏ కొత్త మాత్రనైనను వేసుకొనుటకు ముందు వైద్యునికి కార్డు చూపండి, సొంతంగా ఏ మందునూ మానకండి.