చేప శాకాహారమేనా?



నేను పండితురాలిని కాను, బడిపంతులమ్మను. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి మలయా దేశపు కొబ్బరితోటల పనికి వెళ్ళారు. నేను ఆయనకు మూడవ తరం. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. కనుక నా మాటలలో కొంత పుస్తకాల వాసన వస్తే సర్దుకోమని కోరుతున్నాను.

ఈనాడు నాకిచ్చిన అంశం "మన ఆహారం, మన సంస్కృతి". చాలా పెద్ద అంశం. అందులో ఒక చిన్న ప్రశ్నను మాత్రమే తీసుకుంటాను. ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న అది. "టీచర్, నేను వెజిటేరియన్‌ని, చేప మాత్రం తింటాను. తప్పా?"

తినడం తప్పు కాదు. ఆ మాట ముందుగా చెప్పాలి. మన తెలుగువారు శాకాహార జాతి అని ఎవరైనా అంటే నమ్మకండి. 2014లో భారత ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పదిహేనేళ్ళు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులేనని తేలింది. గోదావరి పులసకు, నెల్లూరు చేపల పులుసుకు ఉన్న పేరు మీకు నేను చెప్పనక్కరలేదు. మన పూర్వీకులలో సముద్రం మీద బ్రతికినవారు ఎందరో ఉన్నారు. కనుక చేపను తక్కువ చేయడానికి నేను ఇక్కడ నిలబడలేదు. చేప తిని "నేను శాకాహారిని" అనవచ్చునా? ప్రశ్న అంతవరకే.

ముందు మాటలను చూద్దాం. శాకము అంటే కూర, ఆకు. శాకములతో కూడిన ఆహారం శాకాహారం. చేపకు రక్తం ఉంది, వెన్నెముక ఉంది. అది ఏ తోటలోనూ మొలవదు. ఇంత తేలికైన సంగతిలో తికమక ఎందుకు వచ్చింది? మనం మాట్లాడే భాషలు మారడం వల్ల వచ్చింది.

నేను పుట్టిన దేశంలో మలయు భాషలో మాంసాన్ని "దాగింగ్" అంటారు, చేపను "ఇకాన్" అంటారు. దాగింగ్ వద్దంటే చేప వద్దన్నట్లు కాదు. ఇక్కడి అరబ్బీలో "లహ్మ్" అంటే వాడుకలో మేక, గొర్రె, ఎద్దు మాంసం. కోడికి "దజాజ్", చేపకు "సమక్" అని వేరే పేర్లు. దుబాయిలోనో షార్జాలోనో భోజనశాలలో కూర్చుని "లహ్మ్ వద్దు" అంటే, వడ్డించేవాడు ఎంతో మర్యాదగా వంజరం ముక్క తెచ్చి పెట్టవచ్చు. అతడు మనలను మోసగించినట్లు కాదు. అతని భాషలో మనం చేప వద్దని చెప్పనే లేదు. ఇంగ్లీషులో కూడా "మీట్" అన్నప్పుడు చాలామంది చేపను అందులో కలపరు. కాథలిక్ క్రైస్తవులు ఉపవాసపు శుక్రవారాలలో మాంసం మాని చేప తినడం మనకు తెలిసినదే.

మరి తెలుగులో? మన పల్లెలలో వాడే "నీసు" అన్న మాటను జ్ఞాపకం చేసుకోండి. మా నాయనమ్మ నోట నేను విన్న పాత మాటలలో ఇదొకటి. నీసు అంటే మేక మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు, ఎండుచేప కూడా. "శనివారం నీసు ముట్టను" అన్న మనిషి చేప తినదు. ఎవరూ ఆమెకు నిర్వచనం చెప్పలేదు. ఆ మాటలోనే నిర్వచనం ఉంది.

వంగదేశం సంగతి చూడండి. అక్కడ బ్రాహ్మణులు సైతం చేప తింటారు. ఈ ఆచారాన్ని చూపించి "చేప శాకాహారమే" అని వాదించేవారున్నారు. కాని బెంగాలీ భాషలో ఆహారం రెండు విధాలు: "ఆమిషం", "నిరామిషం". చేపను వారు ఆమిషంలోనే చేర్చారు. అందుకే పూర్వం ఆ సమాజంలో వితంతువులకు మాంసంతో పాటు చేపను కూడా నిషేధించారు. ఆ నిషేధం క్రూరమైనదే, సందేహం లేదు. అయినా మన ప్రశ్నకు అది సమాధానం చెబుతుంది. చేపను అంతగా ప్రేమించే ప్రజలు కూడా దానిని కాయగూరగా లెక్కించలేదు.

ఇక మాట ఇవ్వడం గురించి రెండు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది గాంధీగారిది. 1888లో ఆయన చదువుకు లండన్ వెళ్ళేముందు మాంసం ముట్టనని తల్లి ఎదుట ప్రమాణం చేశారు. అక్కడ మాంసానికి మూడు నిర్వచనాలు ఉన్నట్లు ఆయన తెలుసుకున్నారు. మొదటిదాని ప్రకారం పశుపక్ష్యాదుల మాంసమే మాంసం. అంటే చేప తినవచ్చు, గుడ్డూ తినవచ్చు. రెండవదాని ప్రకారం ప్రాణుల మాంసమంతా నిషిద్ధం, గుడ్డు మాత్రం తినవచ్చు. మూడవదాని ప్రకారం గుడ్డు, పాలు కూడా నిషిద్ధం. మొదటిదానిని పట్టుకుంటే ఆయనకు ఎంతో సుఖంగా ఉండేది. కొంతకాలం గుడ్లు తిని చూశారు కూడా. కాని చివరకు తన ప్రమాణానికి అర్థం చెప్పవలసినది ఇంగ్లీషు పుస్తకాలు కావని, ప్రమాణం చేయించుకున్న తల్లి మనసులో ఏముందో అదే అర్థమని నిశ్చయించుకున్నారు. ఆ తల్లి దృష్టిలో గుడ్డు కూడా మాంసమే. కనుక గుడ్లు మానివేశారు. ఆత్మకథలో ఈ సంగతిని ఆయనే వివరంగా వ్రాశారు.

రెండవది మనం నివసిస్తున్న ఈ నేలకు దగ్గరది. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ఒక పాత చర్చ ఉంది. మాంసం తిననని ఒట్టు పెట్టుకున్నవాడు చేప తింటే ఒట్టు తప్పినట్లా? ఖురాన్‌లో సముద్రం ఇచ్చే ఆహారాన్ని తాజా మాంసమనే పేర్కొన్నారు. అయినా హనఫీ సంప్రదాయపు పండితులు ఒట్టు తప్పినట్లు కాదన్నారు. ప్రజలు వాడుకలో మాంసమన్నప్పుడు చేపను ఉద్దేశించరు కనుక, ఒట్టుకు వాడుకే ప్రమాణమని వారి వాదం.

తీర్పులు వేరైనా రెండింటిలోనూ ఉన్న న్యాయం ఒకటేనని నాకు తోస్తుంది. ఇచ్చిన మాటకు, ఇచ్చిన భాషలో ఉన్న అర్థమే అర్థం. అరబ్బీలో ఒట్టు పెట్టుకున్నవాడికి చేప మినహాయింపు కావచ్చు. తెలుగులో మొక్కుకున్నవారికి కాదు. కార్తీకమాసంలోనో, అయ్యప్ప దీక్షలోనో, సింహాద్రి అప్పన్నకు మొక్కిన రోజులలోనో "నీసు ముట్టము" అని మన పెద్దలు అన్నారంటే అందులో చేప ఉంది. వారి మనుమలు దానిని "నో మీట్" అని అనువదించుకున్నప్పుడు చేప ఆ సందులోంచి జారిపోయింది. భాష పోతే పాటలు, పద్యాలు పోతాయని మనం సభలలో బాధపడుతుంటాము. ఇచ్చిన మాటలు కూడా పోతాయని ఎందుకో తలచుకోము.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. భారతదేశంలో ఆహారపు పొట్లాలపై ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. 2011 నాటి నిబంధనలు పక్షులను, మంచినీటి ప్రాణులను, సముద్రపు ప్రాణులను, గుడ్లను మాంసాహారం క్రిందనే చేర్చాయి. పాలను, పాల పదార్థాలను చేర్చలేదు. 1847లో ఇంగ్లండులో స్థాపించిన శాకాహార సంఘం కూడా చేప తినేవారిని శాకాహారులుగా లెక్కించదు. అటువంటివారి కోసం ఇంగ్లీషులో 1990ల నుండి "పెస్కటేరియన్" అన్న మాట వాడుకలోకి వచ్చింది. పిల్లలూ, మీకు కావలసిన మాట అది. నోరు తిరగకపోతే "మాంసం తినను, చేప తింటాను" అని తెలుగులో చెప్పండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. వైద్యుడు చేపనూనె తీసుకోమన్నాడని కొందరు పెద్దలు మధనపడుతుంటారు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులను చేప తనంతట తాను తయారుచేసుకోదు. వాటికి మూలం సముద్రపు సూక్ష్మమైన నాచు. ఆ నాచు నుండి నేరుగా తీసిన నూనె నేడు మందుల దుకాణాలలో దొరుకుతున్నది. అవిసె గింజలలో వేరొక రకం ఒమేగా-3 ఉంది గాని, మన శరీరం దానిని చేపనూనెలోని రకంగా మార్చుకోగలిగేది కొంచెమే. నియమం ఉన్నవారు వైద్యునితో ఆ మాట చెప్పి, తగిన దారి అడగవచ్చు. నియమం లేనివారు చేప తినవచ్చు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉండవచ్చు.

ఇంత చిన్న సంగతికి ఇంత ఉపన్యాసం ఎందుకని మీరు అనుకోవచ్చు. ఒక్క దృశ్యం ఊహించండి. ఊరి నుండి అత్తగారో, అమ్మగారో మన ఇంటికి వస్తారు. ఆమెకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. పొట్లం మీద అక్షరాలు చదవలేదు. పళ్ళెం ముందు కూర్చుని కోడలిని ఒకే మాట అడుగుతుంది: "ఇది నేను తినవచ్చునా అమ్మా?" ఆమెకు ఉన్న ఆధారమంతా ఆ కోడలి జవాబే. మన ఇంట్లో శాకాహారమన్న మాటకు అర్థం జారిపోతే, ముప్పై ఏళ్ళుగా కాపాడుకున్న ఆమె నియమం ఒక్క పూటలో పోతుంది. అది పోయిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

అందుచేత కొన్ని చిన్న మనవులు చేసి ముగిస్తాను.

బయట తినేటప్పుడు "లహ్మ్ వద్దు" అని ఊరుకోకండి. "లా లహ్మ్, లా దజాజ్, లా సమక్" అని మూడూ చెప్పండి. "నబాతీ" అంటే శాకాహారం, ఆ మాటను కూడా కలపండి.

విమానంలో "హిందూ భోజనం" కోరితే శాకాహారం వస్తుందని అనుకోకండి. హెచ్.ఎన్.ఎం.ఎల్. అన్న ఆ భోజనంలో గొడ్డు మాంసం ఉండదు గాని చేప, కోడి ఉండవచ్చు. మన శాకాహారానికి గుర్తు ఏ.వి.ఎం.ఎల్.

మలేషియా నుండి వచ్చిన మనవంటి కుటుంబాలు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. తోటకూర వేపుడైనా సరే, "బెలాచాన్" వేస్తే అందులో రొయ్య ఉన్నట్లే. సంబల్‌లో నెత్తళ్ళు ఉండవచ్చు. పైకి ఆకుకూరగానే కనిపిస్తుంది.

మన పండుగ విందులలో శాకాహారం వరుసకు వేరే గరిటెలు పెట్టండి. ప్రతి గిన్నె ముందు దాని పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచండి. ఆ చీటీలు వ్రాసే పని సాయంకాలపు తరగతి పిల్లలకు ఇవ్వండి. వారికి అక్షరాలు వస్తాయి, పెద్దలకు నిశ్చింత కలుగుతుంది.

చేప తినేవారు తృప్తిగా తినండి. తిననివారు తృప్తిగా మానండి. పేర్లు మాత్రం సరిగా చెప్పుకుందాం.