చేతి రేడియో - దాని హద్దులు

మందమర్రి వంటి బొగ్గుగనుల పట్టణములో సైరను అర్థము పసిపిల్లలకును తెలియును. షిఫ్టు మారునప్పుడొకటి, ఓపెన్‌కాస్టులో పేలుడుకు ముందు మరియొకటి. ఆ రెండును కలగలిసిన నాడు జనులు ఎటు పోవలెనో తెలియక తికమకపడుదురు. రేడియో తరంగముల సంగతియు ఇట్టిదే. అయితే వాని రొద చెవికి వినబడదు. అందుచేత చేసిన తప్పు చేసినవానికే తెలియదు.

ఇటీవల హామ్ రేడియో లైసెన్సు పొందిన మా మిత్రుడొకడు క్రొత్త చేతి రేడియోను మా యొద్దకు తెచ్చెను. అరచేతిలో ఇమిడెడు పరికరము; శక్తి అయిదు వాట్లు. మీటలు నొక్కినచో 136 మొదలు 174 మెగాహెర్ట్జ్‌ల వరకు ఏ అంకెయైనను తెరపై కనబడుచున్నది. “160 మీద నొక్కి చూచితిని, ఎర్రదీపము వెలిగినది. లైసెన్సు ఉన్నది, రేడియో పనిచేయుచున్నది, ఇంకేమి కావలెను?” అని అతడు మమ్ము అడిగెను.

దీపము వెలుగుట ప్రసారము జరుగుచున్నదనుటకే గుర్తు. అది సక్రమమైనదనుటకు గుర్తు కాదు. లైసెన్సు పరికరమునకు ఇచ్చినది కాదు, నిర్ణీతమైన బాండులకు ఇచ్చినది. ఇట్టి చేతి రేడియోలకు మన దేశములో హాములకు కేటాయించిన ముఖ్యమైన బాండులు రెండు: 144 నుండి 146 మెగాహెర్ట్జ్‌ల వరకు ఒకటి, 434 నుండి 438 వరకు రెండవది. 118 నుండి 137 వరకు విమాన చోదకుల సంభాషణలకు వదలిన చోటు, అందు 121.5 ఆపదలో ఉన్నవారి పిలుపునకు ప్రత్యేకింపబడినది. 156.8 సముద్రములో నావికుల ఆపద పిలుపునకు చెందినది. మన ఊరి మీదుగా పోవు కాజీపేట - బల్లార్షా మార్గమున రైలు సిబ్బంది చేతులలోను వాకీటాకీలే ఉన్నవి.

ఎఫ్.ఎం. పద్ధతిలో ఒక విచిత్రము కలదు. రెండు సంకేతములు ఒకేసారి వచ్చినపుడు బలమైనదే వినబడును. బలహీనమైనది పూర్తిగా అణగిపోవును. దగ్గరనున్న మన అయిదు వాట్లు దూరమున ఎవరో పంపుచున్న హెచ్చరికను మ్రింగివేయగలవు. ఆ హెచ్చరిక వచ్చినదనియే వినువానికి తెలియదు.

ఇంకొక చిక్కు పరికరములోనే ఉన్నది. ప్రతి ప్రసారముతోను దానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యములు కొంత పుట్టును. 145కు మూడింతలు 435 గదా! వానిని అణచుటకు లోపల వడపోత అమర్తురు. చౌక పరికరములలో ఆ వడపోత అసలే అంతంత మాత్రము. బాండు దాటిన పిమ్మట దాని మీద భరోసా లేదు. ఏరియలు కొలతయు తగినది కాకపోవుటచే శక్తి కొంత వెనుకకు మరలి ట్రాన్సిస్టరును వేడెక్కించి చెరచును.

గనుల చెంత మరియొక జాగ్రత్త అవసరము. విద్యుత్ డెటొనేటరు తీగలు తామే ఏరియలువలె తరంగములను గ్రహింపగలవు. తగినంత విద్యుత్తు చేరినచో డెటొనేటరు వేళ గానివేళ పేలవచ్చును. ట్రాన్స్‌మిటరు ఎంత దూరమున ఉండవలెనో దాని శక్తిని, పౌనఃపున్యమును బట్టి లెక్కింతురు. చెప్పక చేసిన ప్రసారము ఆ లెక్కను వ్యర్థము చేయును. బాండులో ఉన్నను పేలుడు స్థలము దాపున మీట నొక్కరాదు.

“ఆపదలో అక్కరకు వచ్చును గదా” అని కొందరందురు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందము అండమాను దీవులలోనే ఉన్నది. టెలిఫోనులు మూగవోయిన ఆ దినములలో భారతీ ప్రసాద్ మొదలైన హాములు తమ బాండులలోనే నిలిచి వార్తలను దేశమునకు చేర్చిరి. ఎక్కడ వినవలెనో అందరికిని ముందే తెలిసియుండుట చేతనే అది సాధ్యమైనది. హద్దు వారికి అడ్డు కాలేదు, బలమైనది.

మా మిత్రుడు మాయెదుటనే తన బాండులోని స్థానములను మాత్రము పరికరములో భద్రపరచి, మిగిలిన మీటలకు తాళము వేసెను. నొక్కుటకు ముందు కొంతసేపు వినుట అలవరచుకొనుమని చెప్పి పంపితిమి. శ్రోతలకును మా మనవి అదియే.